దొడ్డుప్పుతో చేసిన సముద్రం

సముద్ర జీవశాస్త్రం ఎమ్మెస్సీలో చేరిన మూడో రోజున నేను మొదటిసారి సముద్రాన్ని చూశాను. ఈ మాట ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు. ఇప్పుడు ఉద్యోగంలోంచి ఎవరూ తీసేయలేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నేను పనిచేసిన అక్వేరియంలో కొత్తగా చేరిన ఇద్దరు ఆ మధ్య ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు రాసివ్వండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. ఏవి పనికొస్తాయో నాకు తెలియదు. పదోన్నతుల గురించి రాస్తే మీకు నిద్రొస్తుంది, ఫైళ్ల గురించి రాస్తే నాకే వస్తుంది. నా వల్ల చచ్చిపోయిన చేపల గురించి మాత్రం వివరంగా రాయగలను. బతికినవి చాలావరకు వాటి తెలివితోనే బతికాయి.

సీటు దొరికిన చదువు

మాది వరంగల్. బజారులో మా బాపుకు కిరాణా దుకాణం. ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. హనుమకొండలో బీఎస్సీ చదివినప్పుడు జంతుశాస్త్రం తీసుకున్నది ప్రాణుల మీద ప్రేమతో కాదు, లెక్కల మీద భయంతో. ప్రాక్టికల్స్‌లో కప్పను కోసిన రోజు ఇంటికొచ్చి బావి దగ్గర తలస్నానం చేశాకే లోపలికి వెళ్లేవాణ్ని. ఎందుకని అమ్మ అడిగితే ఎండ అని చెప్పేవాణ్ని. వానాకాలంలో కూడా అదే చెప్పాను.

డెబ్బైల మధ్యలో, కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయానికి ఎమ్మెస్సీ జంతుశాస్త్రం కోసం వెళ్లాను. కిటికీలో గుమాస్తా జాబితా చూసి, "జువాలజీ నిండిపోయిందండి. మెరైన్ బయాలజీలో ఒక్కటుంది. కావాలా వద్దా, వెనక వాళ్లున్నారు" అన్నాడు. వెనక నిజంగానే వాళ్లున్నారు, ఒకాయన గడ్డం నా భుజం మీద ఆనించి మరీ చూస్తున్నాడు. సీటు అతనికి పోతుందన్న కంగారులో కావాలన్నాను. ఒక మనిషి ముప్పై ఏళ్ల వృత్తి అలా నిర్ణయమైంది.

వరంగల్‌లో రైలు దిగి ఇంటికి వెళ్లి బాపుకు చెప్పాను. ఆయన తక్కెడ కింద పెట్టలేదు.

"సముద్రం చదువా? పుష్కరాలకు పోతె గోదాట్ల మోకాలు దాక దిగనీకె ఏడిస్తివి గదరా."

"నీళ్లల్ల దిగుడు ఉండదు బాపూ. అంత పుస్తకాలల్లనే ఉంటది."

"గట్లయితె పో. జర పైలం."

పుస్తకాల్లోనే ఉంటుందని నేను చెప్పింది అబద్ధం కాదు, అజ్ఞానం. మూడో రోజున ప్రొఫెసర్ గారు మా జట్టును ఒడ్డుకు తీసుకెళ్లారు. అందరూ చెప్పులు విడిచి రాళ్ల మీదికి వెళ్లిపోయారు. నేను నీళ్ల అంచున చెప్పులతోనే నిలబడి సముద్రాన్ని చూస్తూ ఉండిపోయాను. ఇంత పెద్దదని ఎవరూ చెప్పలేదు. ఒక కెరటం వచ్చి ఎడమ చెప్పు తీసుకుపోయింది. హాస్టల్ దాకా ఒక చెప్పుతో నడిచాను. ఆ రెండేళ్లూ నా పేరు రాజేశం కాదు, ఒంటిచెప్పు.

హాస్టల్‌లో నా మాట విని నవ్వేవారు. ఆరు నెలల్లో కష్టపడి మాట మార్చుకున్నాను. సెలవులకు ఇంటికొస్తే మా వాడకట్టులో, "ఏందిరా, రేడియో లెక్క మాట్లాడుతున్నవు" అని వీళ్లు నవ్వారు. చివరికి కొంచెం స్వేచ్ఛగా మాట్లాడగలిగింది చేపలతోనే. అవి ఏ యాసనూ పట్టించుకోలేదు.

మూడు కిలోల కవళ్లు

చదువయ్యాక ఒక చిన్న తీరపట్టణంలో ఉన్న అక్వేరియంలో ఉద్యోగం వచ్చింది. పన్నెండు గాజు తొట్లు, ఒక పంపు గది, టికెట్ల కిటికీ, కొబ్బరిచెట్టుకు ఆనించిన ఒక సైకిలు. క్యూరేటర్ సోమయాజులు గారు అప్పటికి యాభై దాటినవారు, సన్నగా, ఎప్పుడూ తడిసిన చొక్కా చేతులతో ఉండేవారు. చేరిన రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, మైక్రోస్కోపు ఎక్కడుందని అడిగాను. ఆయన నా చేతికి కత్తి ఇచ్చి, ఒక గంప చూపించారు. గంప నిండా కవళ్లు. వేలెడంత వెండిరంగు చేపలు, తొట్లలోని పెద్ద చేపలకు ఆహారం.

"ఎనిమిదింటికల్లా మూడు కిలోలు ముక్కలవ్వాలి. మిగతా సైన్సు భోజనం తర్వాత చూద్దాం."

నేను కొంచెం గంభీరంగా, "సార్, నేను శాకాహారిని" అన్నాను.

"అవి కాదుగా" అని ఆయన వెళ్లిపోయారు.

ఆ వారం నేను కోసిన చేపలకన్నా కక్కుకున్న సార్లే ఎక్కువ. నాకు కత్తి పట్టడం నేర్పింది నూకరాజు. అతను ఆ ఊరి జాలరి, వయసులో మా బాపు అంతవాడు. తెప్ప మీద వెళ్లి మాకు బతికున్న చేపలు తెచ్చి ఇస్తూ ఇస్తూ, చివరికి అక్వేరియంలోనే అటెండరుగా కుదిరాడు. రెండు రోజులు నా అవస్థ చూసి, మూడో రోజు పక్కన కూర్చున్నాడు.

"కత్తిని ముందుకి తొయ్యకండి బాబూ, ఎనక్కి లాగండి. ముక్కుతో గాలి పీల్చకండి, నోటితో పీల్చండి. పదిరోజులకి వాసన ఉండదు."

"వాసన పోతుందా?"

"పోదు. మీరే అదైపోతారు."

నిజమే. నెల తిరిగేసరికి వీధిలో పిల్లులు నా వెంట గది దాకా వచ్చేవి. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం "పరిశోధన బాగా సాగుతోంది" అని రాసేవాణ్ని. దుకాణానికి వచ్చిన వాళ్లతో బాపు, "మా పెద్దోడు గవర్నమెంట్ల సైంటిస్టు" అనేవాడట. ఏం సైంటిస్టని ఎవరన్నా అడిగితే, "నీళ్లది" అనేవాడట. ఉత్తరాల్లో అంత అబద్ధం ఆడాను కాబట్టి ఆయన్ను తప్పుపట్టలేను.

సోమయాజులు గారి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. చేపల విషయంలో అంత శ్రద్ధ ఉన్న మనిషిని మళ్లీ చూడలేదు. రోజూ పొద్దున ప్రతి తొట్టి మీదికీ వంగి నీళ్ల వాసన చూసేవారు. వాసనలో తేడా ఉందన్న తొట్టిలో మర్నాటికి జబ్బు బయటపడేది. అదే మనిషి, చేప చచ్చిపోయి తొట్టి ఖాళీ అయితే "విశ్రాంతిలో ఉన్నది" అని బోర్డు వేలాడదీయించేవారు. ఒక వేసవిలో నాలుగు తొట్లు విశ్రాంతిలో ఉన్నాయి. జనం ఖాళీ నీళ్లను పది నిమిషాలు చూసి, "అదిగో, రాయి వెనకాల ఉంది" అని పిల్లలకు చూపించి వెళ్లేవారు. పై అధికారి ఎంత గొప్పవాడైనా ఆయన దగ్గర నేర్చుకోకూడనిది ఒకటుంటుంది. నేను మాత్రం బోర్డు సంగతి ముందు నేర్చుకుని, వాసన సంగతి పదేళ్లకు నేర్చుకున్నాను.

పైపు ఎక్కడికి పోతుంది

రెండో ఏడు ఒక తొట్టిలో చేపల ఒంటి మీద తెల్లని చుక్కలు వచ్చాయి. అదొక పరాన్నజీవి. మందు మైలుతుత్తం, కొలత తప్పకుండా వేయాలని పుస్తకంలో ఉంది. సోమయాజులు గారు ఊళ్లో లేరు. నాకు ఇంతకన్నా మంచి అవకాశం ఎప్పుడు వస్తుంది? కాగితం మీద లెక్క కట్టాను, లెక్కలంటే భయం కాబట్టి మూడుసార్లు కట్టాను. మందు కలుపుతుంటే నూకరాజు తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"ఆ నీరు ఎక్కడికి పోతాది బాబూ?"

"ఈ తొట్టిలోనే ఉంటుంది."

"పైపు ఉంది కదా?"

ఎమ్మెస్సీ చదివినవాడికి పైపు గురించి చెబుతున్నాడని నాకు చిరాకు వేసింది. "నీ పని నువ్వు చూసుకో నూకరాజూ" అన్నాను. అతను గంప ఎత్తుకుని వెళ్లిపోయాడు.

కొలత సరిగ్గానే వేశాను. చేపలకు జబ్బు తగ్గింది కూడా. అయితే ఆ తొట్టి నీళ్లు పైపులోంచి కింద గుంటకు పోయి, అక్కణ్నించి పంపుతో పక్క తొట్టిలోకి ఎక్కుతాయి. పక్క తొట్టిలో నక్షత్ర చేపలు, సముద్ర పుష్పాలు ఉండేవి. వెన్నెముక లేని ఆ ప్రాణులకు మైలుతుత్తం చుక్క కూడా విషమే. అది పరీక్షలో నేను రాసిన జవాబు, మార్కులు కూడా వచ్చాయి. మర్నాటికి సముద్ర పుష్పాలు ముడుచుకుపోయి గోధుమరంగు ముద్దల్లా పడి ఉన్నాయి. వాటిలో ఒకటి సోమయాజులు గారు చేరిన ఏటి నుంచీ ఉన్నది.

ఆయన వచ్చి చూశారు. తిట్టలేదు. ఆ పుష్పాన్ని తొట్టిలోంచి చేతిలోకి తీసుకున్నారు. తర్వాత, "పైపులన్నీ ఎటు పోతాయో నూకరాజు దగ్గర నేర్చుకో. నేర్చుకున్నావని అతను చెప్పేదాకా నువ్వు మందు ముట్టుకోవద్దు" అన్నారు.

అతను చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. పైపుల సంగతి నాలుగు రోజుల్లోనే వంటబట్టింది. మిగిలిన కాలమంతా క్షమాపణ అడగడానికి మొహం చెల్లక తిరిగాను. చివరికి అడిగితే అతను, "ఎప్పుడు బాబూ? ఏటన్నారు నన్ను?" అన్నాడు. మరిచిపోయాడో, నన్ను కాపాడాడో ఇప్పటికీ తెలియదు.

వరంగల్‌కు సముద్రం

ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఎగ్జిబిషన్ పెడుతున్నారనీ, అక్కడ మా శాఖ స్టాల్ ఒకటి ఉండాలనీ పైనుంచి కాగితం వచ్చింది. సోమయాజులు గారు ఫొటోలు పంపుదామన్నారు. నేను బతికున్న సముద్రపు చేపలను తీసుకెళ్తానన్నాను. ప్రజలకు విజ్ఞానం అని ఏదో చెప్పాను. అసలు సంగతి, మా బజారు మొత్తం వచ్చి నన్ను చూడాలి. చేపలు నాకు అలంకారం.

ఇరవై ఆరు చేపలను ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, సముద్రపు నీళ్లను పెద్ద క్యాన్లలో పెట్టుకుని, నూకరాజును వెంటబెట్టుకుని రైలెక్కాను. విజయవాడ దాటాక రైలు ఆగి ఆగి నడిచింది. వరంగల్ స్టేషన్‌లో దిగేసరికి ఏడు చేపలు పోయాయి, రెండు క్యాన్లు కారి ఖాళీ అయ్యాయి. రెండు తొట్లూ సగమే నిండాయి. సగం తొట్టితో బజారుకు ఎలా కనిపించాలి?

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇలాంటివి వచ్చినప్పుడు ఎవరన్నా ఆపితే బాగుండు. మా దుకాణానికి వెళ్లాను.

"బాపూ, దొడ్డుప్పు ఉన్నదా?"

"బస్తాలకు బస్తాలున్నది. ఎందుకు?"

"సముద్రపు నీళ్లు తయారుచెయ్యాలె."

ఆయన కొంచెం ఆలోచించి, "ఉప్పు సముద్రంల నుంచే వస్తది గద. మల్ల నీళ్లల్ల పోస్తె సముద్రం అయితదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగాల్సింది. ఉప్పుమడిలో సముద్రపు నీళ్లు ఆరి ఉప్పు పేరుకునేటప్పుడు మిగతా లవణాలు చాలావరకు అడుగున మిగిలిన నీళ్లతో పోతాయి, మనకు మిగిలేది పప్పులోకి పనికొచ్చేది మాత్రమే. అది కూడా చదువుకున్నాను.

"అయితది" అన్నాను.

మునిసిపాలిటీ ట్యాంకర్ నీళ్లలో ఉప్పు కలిపి, గాజు కొలమానంతో చూసుకుని, సాంద్రత సరిగ్గా సముద్రానికి సమానంగా తెచ్చాను. నూకరాజు వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని పక్కకు ఉమ్మేశాడు.

"బాబూ, ఇది సముద్రం కాదు. పప్పుచారు. బ్లీచింగ్ వాసన కూడా వస్తంది."

ఈసారి నీ పని నువ్వు చూసుకో అనలేదు. కానీ విననూ లేదు, జనం గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రంలోగా సీతాకోక చేపలు తొమ్మిదీ పక్కకు ఒరిగాయి. పసుపురంగువి, వాటి కోసమే నేను ముందు తొట్టి ఉంచాను, ఉప్పు కలిపిన నీళ్లతో మొదట నింపింది కూడా దాన్నే. మిగిలిన పదింటినీ నూకరాజు అసలు సముద్రపు నీళ్లే ఉన్న వెనక తొట్టిలోకి చేర్చాడు. ఖాళీ అయిన ముందు తొట్టికి ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. "విశ్రాంతిలో ఉన్నది" అని నా చేత్తోనే రాసి పెట్టాను.

జనం మాత్రం వచ్చారు. ఊళ్ల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నేను శాస్త్రీయ నామాలు చెబుతుంటే రఘునాథపల్లి నుంచి వచ్చిన ఒక రైతు ఓపికగా అంతా విని, "పులుసుకా, వేపుడుకా సారూ?" అని అడిగాడు. తెలియదన్నాను. "ఇన్నేండ్ల సంది ఏం జేస్తున్నవు మరి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. నీళ్లలోకి గాలి ఊదే పంపు ఆగిపోయింది. చేతి పంపు తెద్దామని నూకరాజు బయల్దేరేటప్పుడు అన్నాడు, బరువని నేనే వద్దన్నాను. అరగంటలో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నూకరాజు చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి ధారగా పోయడం మొదలుపెట్టాడు. అలా పోస్తే నీళ్లలోకి గాలి కలుస్తుంది. నేనూ ఒక గ్లాసు అందుకున్నాను. ఇద్దరివీ చేతులు పడిపోతున్నాయి, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

అప్పుడు బాపు వచ్చాడు. మూడు రోజుల్లో అదే మొదటిసారి రావడం. గుమిగూడిన జనాన్ని తోసుకుని వచ్చి, చెమటతో ఉన్న నన్ను, తొట్టినీ చూశాడు.

"ఏమాయె?"

"కరెంటు పోయింది బాపూ. నీళ్లు ఇట్ల పోస్తుంటెనే బతుకుతయి."

ఆయన జీవితంలో చేపల బజారు సందులోంచి కూడా నడవలేదు. ముక్కు మీద కండువా కట్టుకుని, నా చేతిలో గ్లాసు తీసుకున్నాడు. నూనె కొలిచే చెయ్యి అది. చుక్క బయట పడకుండా, తెగకుండా, సన్నని ధార. కొంచెంసేపటికి తలెత్తి పక్క స్టాల్‌లో ఉన్న ఇద్దరు వ్యాపారులను పిలిచి, "నిలబడి చూసుడేంది, ఒక చెయ్యి వెయ్యరాదుండ్రి" అన్నాడు. వాళ్లూ వచ్చారు. మూడు గంటలు వంతులవారీగా పోశారు. కరెంటు వచ్చేసరికి పదింటిలో తొమ్మిది బతికి ఉన్నాయి.

బాపు కండువా విప్పి మొహం తుడుచుకున్నాడు. "గిదా నీ పరిశోధన" అన్నాడు.

"గిదే" అన్నాను.

"చెప్పద్దారా మరి" అని వెళ్లిపోయాడు. తర్వాత దుకాణంలో ఎవరన్నా అడిగితే, "మావోడు చేపలను సాదుతడు" అని చెప్పడం మొదలుపెట్టాడు.

అమ్మ అడిగింది

ఆఖరి రోజు అమ్మ వచ్చింది. మిగిలిన తొమ్మిదింటిలో ఒకటి మచ్చల చేప, జాలర్లు బొంత అంటారు. మూతి పెద్దది, మొహం ఎప్పుడూ అలిగినట్టు ఉంటుంది. అక్వేరియంలో అప్పటికి మూడేళ్లుగా నా చేతి కింద పెరిగింది. అమ్మ గాజుకు దగ్గరగా కూర్చుని దాన్నే చూసింది.

"దీనికి బువ్వ నువ్వే పెడ్తవా?"

"ముక్కలు నేనే కోస్తనమ్మా."

"నిన్ను గుర్తుపడ్తదా?"

"చేపలకు అంత జ్ఞాపకం ఉండదమ్మా" అన్నాను. పుస్తకం మాట.

నూకరాజు అప్పటిదాకా నేల తుడుస్తున్నాడు. "పడతాదమ్మా" అన్నాడు. "నేనొస్తే పైకొస్తాది. ఈ బాబొస్తే రాయి ఎనక్కి పోతాది."

నేను నవ్వేశాను. అమ్మ నవ్వలేదు. "జర అవతలికి పోయి మల్ల రా" అంది. వెళ్లి వచ్చాను. నేను గాజు దగ్గరికి రాగానే బొంత వెనక్కి తిరిగి రాయి వెనక దూరింది. అమ్మ నూకరాజును రమ్మంది. అది బయటికి వచ్చి అతని చేతి వైపు ఈదింది. మూడుసార్లు చేయించింది. మూడుసార్లూ అదే.

"నువ్వేం జేసినవురా దాన్ని?" అంది అమ్మ.

ఏం చేశానో అప్పుడు లెక్క వేసుకున్నాను. ముక్కలు కోసేది నేను, కానీ వేసేది నూకరాజు. నేను తొట్టి దగ్గరికి వెళ్లేది వలతో పట్టడానికి, కొలవడానికి, మందు పూయడానికి. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఊరికే వెళ్లలేదు. పన్నెండు తొట్లలోనూ నా మొహం అంటే వల అని అర్థం.

తిరిగి వెళ్లాక నూకరాజును అడిగి బొంతకు తిండి పెట్టే పని నేను తీసుకున్నాను. మొదటి నెల నేను వేసిన ముక్క ముట్టలేదు. నేను తప్పుకున్నాక తినేది. రెండో నెల, మూడో నెల రాయి పక్క నుంచి ఒక కన్ను కనిపించేది. రోజూ పావుగంట, ఏ పనీ లేకుండా, చేతులు కట్టుకుని గాజు ముందు నిలబడేవాణ్ని. మీకు నేను చెప్పగలిగిన శాస్త్రం ఏదైనా ఉంటే ఆ పావుగంటలో నేర్చుకున్నదే. చేప ఎప్పుడు శ్వాస మారుస్తుంది, ఏ రోజు రంగు వెలుస్తుంది, ఏ పక్కకు వాలితే జబ్బు మొదలైనట్టు, అవన్నీ అలా నిలబడితేనే కనిపించాయి.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున నేను తొట్టి మీదికి వంగితే బొంత పైకి వచ్చింది. చేతిలో ముక్క లేదు. అయినా వచ్చింది, వేలి దగ్గర ఒక్క క్షణం ఆగి, కిందికి వెళ్లిపోయింది. చుట్టూ చూశాను. నూకరాజు గంప దించుతూ నిలబడి ఉన్నాడు.

"చూశావా?" అన్నాను.

"చూశాను బాబూ" అన్నాడు. "ఇయ్యాల చేరారు మీరు ఉద్యోగంలో."